పలుకుబడి గల పైకప్పులు

సర్దారు పోశం కొత్తింటిని కట్టెతో కొడుతున్నాడని మొదట చెప్పింది పక్కింటి కొమురవ్వ. నల్లా దగ్గర బిందె నిండేలోపు చెప్పిన మాట అది. "పాలు పొంగియ్యాల్సిన పూట స్టూలెక్కి ఇంటిని కొడ్తుండు. నా కండ్లతోని చూసిన. గట్టిగ గూడ గాదు, పసిపిల్లను జోకొట్టినట్టు కొడ్తుండు. గదే నాకు భయమైంది" అన్నదట. ఆ మాట రెండో గల్లీ చేరేసరికి పోశం భార్యను కొడుతున్నాడు. మూడో గల్లీలో పోశం భార్య లస్మవ్వను ఎరిగినవాళ్లు ఎక్కువ కాబట్టి, అక్కడ లస్మవ్వే పోశాన్ని కొడుతున్నది. మునిసిపల్ ఆఫీసు దాకా వచ్చేసరికి పోశం మునిసిపాలిటీని కొడుతున్నాడని స్థిరపడింది. ఈ చివరి మాట కాస్త ముందుగా పుట్టిందే తప్ప పూర్తిగా అబద్ధం కాదు.

ఎర్రవాగుపేట బెల్లంపల్లి నుంచి బస్సులో గంట దూరం. కింద బొగ్గు ఉంటుంది, పైన మునిసిపాలిటీ ఉంటుంది. పోశం ముప్పై రెండేళ్లు కింద పనిచేసి, ఎనభై ఏడు చివర రిటైరై పైకి వచ్చాడు. కింద ఉన్నన్నాళ్లు అతనికి ఎప్పుడూ భయం వేయలేదు.

గనిలో సర్దారు పని చిన్నది కాదు. షిఫ్టు మనుషులకన్నా ముందే లోపలికి వెళ్లి, వాళ్లు పనిచేయబోయే చోట పైకప్పును చివర ఇనుప పొన్ను తొడిగిన కర్రతో తట్టి చూడాలి. ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, కుడిచేత్తో తట్టాలి. కప్పు గట్టిదైతే టంగుమంటుంది. లోపల పొర విడిస్తే డబ్బుమని డొల్లగా మోగుతుంది. దాన్నే బాయి మనుషులు, అంటే గని కార్మికులు, 'కప్పు పలికింది' అంటారు. పలికిన కప్పుతో వాదన ఉండదు. సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టి, దారికి అడ్డంగా రెండు కర్రలు కట్టి, అందరూ వెనక్కి రావడమే. కప్పు మంచిదైతే తారీఖు వేసి, కింద తన పేరులోని మొదటి అక్షరం రాసి, ఆ కప్పు కిందనే నిలబడి మనుషులను రమ్మని పిలవాలి. బయట నిలబడి పిలిస్తే ఏ మనిషీ లోపలికి రాడు. అది బాయి రివాజు. ముప్పై రెండేళ్లలో పోశం 'పో' అని రాసిన చోట ఒక్క మనిషి పోలేదు.

ఆ అలవాటు పైకి వచ్చాక కూడా వదల్లేదు. బస్టాండులో బెంచీ మీద కూర్చునే ముందు పైన రేకును తట్టేవాడు. ఖానాపూర్‌లో వియ్యంకుడింట్లో విస్తరి ముందు కూర్చోబోతూ దూలాన్ని తట్టి "పాస్" అన్నందుకు వియ్యపురాలు నెలరోజులు మాట్లాడలేదు. వేములవాడ రాజన్న మొక్కుకు పోయినప్పుడు సత్రం గదిని నాలుగు మూలలా తట్టి, టంగుమన్నాకే చాప పరిచాడు. దేవుడి మీద నమ్మకం లేక కాదు. దేవుడు మనుషుల్ని చూసుకుంటాడు, కప్పును సర్దారు చూసుకోవాలి అని అతని అభిప్రాయం.

ఇక ఇల్లు. కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేయవలసిన రిటైర్డు కార్మికుల కోసం ఊరి చివర ముప్పై ఇళ్లు కట్టించే పని గుత్తేదారు లక్ష్మణ్‌రావు పట్టాడు. లక్ష్మణ్‌రావు మునిసిపల్ చైర్మన్ మధుసూదన్‌రావుకు సొంత బామ్మర్ది. అందుకే ఆయనకు పని వచ్చిందని ఎవరూ అనుకోకూడదు. టెండరు పెట్టె తెరిచినప్పుడు అందులో ఇంకెవరి కాగితమూ లేదు. పోశం రిటైరైనప్పుడు చేతికి వచ్చిందంతా ఆ ఇంట్లో పెట్టాడు. లస్మవ్వ ముప్పై ఏళ్లు ఒంటి గది క్వార్టరులో, పక్కింటివాళ్లు తుమ్మితే ఇవతల నుంచి దీవించగలిగేంత పలుచటి గోడ పక్కన బతికి, ఈ రెండు గదుల కోసం ఎదురుచూసింది.

మాఘమాసంలో మంచిరోజు చూసుకున్నారు. చుట్టాలు వచ్చి కూర్చున్నారు. గుమ్మానికి మామిడి తోరణం కట్టారు. లస్మవ్వ పాలగిన్నె పట్టుకుని లోపలికి రాబోతుంటే పోశం "జర రెండు నిమిషాలు" అని స్టూలెక్కాడు. తూర్పు మూల టంగుమంది. పడమటి మూల టంగుమంది. నడిమధ్య డబ్బుమంది. అరచెయ్యి గట్టిగా ఆనించి మళ్లీ తట్టాడు. కప్పు చేతికింద చలిజ్వరం వచ్చిన మనిషి వీపులా సన్నగా వణికింది. పోశం స్టూలు దిగి, జేబులోంచి సుద్దముక్క తీసి, గోడ మీద ఇంటూ గుర్తు పెట్టి, తారీఖు వేసి, గుమ్మానికి అడ్డంగా రెండు కర్రలు కట్టేశాడు. వాటి మీదుగా తోరణం అందంగా వేలాడింది.

"సుట్టాలొచ్చి కూసున్నరు. గీ కట్టెలేందయ్యా?" అన్నది లస్మవ్వ.

"కప్పు పలికింది."

"ఏమన్నది?"

"బయటికి పోండ్రి అన్నది."

పాలు వాకిట్లో పొంగాయి. చుట్టాలు వాకిట్లో తిన్నారు. వాళ్లు వెళ్లాక పోశం నాలుగు వెదురు బొంగులు పాతి, పాత టార్పాలిన్ కప్పి, ఇంటి ముందు డేరా వేశాడు. మంచం, బొగ్గు పొయ్యి అందులోకి వచ్చాయి. ఇల్లు ఎదురుగా నిలబడి వాళ్ల కాపురం చూస్తున్నట్టు ఉండేది.

"ముప్పయ్యేండ్లు కంపెనీ కప్పు కింద ఉంటి. నా కప్పు అని ఒకటి వస్తే దాని ముందట కాపలా కూసుంటినా?" అన్నది లస్మవ్వ.

"మిరుగం వచ్చేలోపల సక్క చేయిస్త."

"మిరుగం మొదటి చినుకు పడ్డనాడు గా రెండు కట్టెలు ఇరిచి పొయ్యిల పెట్టి నేను లోపలికి పోత. నువ్వు డేరల్నే ఉండు."

లస్మవ్వ అన్నదంటే చేస్తుంది. జూన్ మొదట్లో వచ్చే ఆ మృగశిర కార్తె దాకా పోశానికి ఉన్నది మూడున్నర నెలలు.

అతను మొదట గుత్తేదారును పిలుచుకొచ్చాడు. లక్ష్మణ్‌రావు వాకిట్లోనే నిలబడి, అడ్డంగా కట్టిన కర్రల మీదుగా మెడ చాచి కప్పును చూశాడు. "కొత్తిల్లు అన్నంక పలుకుతది పోశం. కొత్త చెప్పులు కిర్రుమంటలేవా? నాలుగు దినాలు వాడితే అవే సర్దుకుంటయ్" అన్నాడు.

"చెప్పులు కాళ్ల కింద ఉంటయ్ సాబ్. గిది నెత్తి మీదుంటది. ఇందుల ఏమేసిండ్రు?"

"సిమెంటు."

"ఇంకా?"

"ఇంకా అంటే, ఇసుక, కంకర. వాగు దగ్గరిది. వాగు మన్ను మన తాతల కాలం నుంచి మంచిది."

గుత్తేదారు వెళ్లిపోయాడు. పోశం దరఖాస్తు రాయించుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాడు.

అక్కడ ఓవర్సీర్ నాగయ్య అతణ్ణి మర్యాదగానే కూర్చోబెట్టాడు. నాగయ్య మంచివాడు. ఎర్రవాగుపేటలో భవన నిర్మాణ నిబంధనలు లేవని కొందరు ప్రచారం చేస్తుంటారు గానీ అది నిజం కాదని వివరించాడు. నిబంధనలు ఉన్నాయి. ఎర్ర అట్ట పుస్తకంలో, నాలుగు వందల పేజీల్లో, ఇంటికీ రోడ్డుకూ మధ్య ఎంత జాగా వదలాలి, సిమెంటుకు ఇసుక ఎంత కలపాలి, ఇనుప సలాక ఎంత లావుండాలి, అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం ఇనుప బీరువాలో భద్రంగా ఉంది. బీరువా మాత్రం తెరవడానికి వీల్లేదు. మొన్నటి వానల్లో ఆఫీసు దూలం కుంగితే దాని కింద బీరువాను నిలబెట్టారు. బరువుకు బీరువా కాస్త వంగి తలుపు బిగుసుకుంది. దాన్ని కదిలిస్తే దూలం, దూలంతోపాటు కౌన్సిల్ హాలు, హాలుతోపాటు కౌన్సిలర్లు కిందికి వస్తారు.

పోశం బీరువాను చూశాడు, దూలాన్ని చూశాడు. నిబంధనలు భవనాలను కాపాడతాయని అంటారు. కళ్లారా చూడటం మాత్రం అతనికి అదే మొదటిసారి.

"గీ ఆఫీసు కప్పు నేను తట్టి చూడాల్నా?" అన్నాడు.

"వద్దన్నా. నేను ఆరేండ్లల్ల రిటైరైత" అన్నాడు నాగయ్య.

ఆ దరఖాస్తు బల్ల మీదనే ఉండిపోయేది. సరిగ్గా అదే వారం రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మే నెలాఖరులోగా భవన ప్రమాణాలను పటిష్ఠంగా అమలు చేసిన పట్టణానికి 'ఆదర్శ సురక్షిత పట్టణం' అనే బిరుదు, వెండి షీల్డు, పెద్ద గ్రాంటు ఇస్తామన్నారు. చైర్మన్ మధుసూదన్‌రావు ఆ సర్క్యులర్‌ను మూడుసార్లు చదివాడు. షీల్డు పెట్టడానికి ఆయన దగ్గర చోటు ఉంది. గ్రాంటుతో కట్టడానికి బామ్మర్ది ఉన్నాడు. కొత్త ఆఫీసు 'ప్రమాణ భవన్' పేరుతో అప్పటికే సగం లేచింది. తక్కువైందల్లా ప్రమాణాలే. వాటి కోసం బల్ల మీద వెతుకుతుంటే పోశం దరఖాస్తు దొరికింది.

కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై, బీరువాకు దూరంగా కూర్చుని, ఏకగ్రీవంగా తీర్మానించింది. 'పట్టణ ప్రజల ప్రాణరక్షణను దృష్టిలో ఉంచుకొని, శ్రీ పోశం గారిని గౌరవ పట్టణ కప్పు పరీక్షకులుగా నియమించడమైనది. ప్రతి భవనపు ధ్రువీకరణపై వారి సంతకం ఉండవలెను. వారి స్వంత గృహపు సమస్య, పట్టణంలోని మిగిలిన గృహాల పరీక్ష పూర్తయిన పిమ్మట, వరుస క్రమంలో పరిశీలించబడును.' చైర్మన్ అతని భుజం మీద చెయ్యి వేసి "నీ ఇల్లు ఆఖరికి చూస్తం పోశన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. పోశం తలూపాడు. ఆఖరి ఇంటికి ఎంత తొందరగా చేరితే అంత మంచిదని ఆ పూటే కర్ర పట్టుకుని బయల్దేరాడు.

మొదటి రోజు పన్నెండు కప్పులు తట్టాడు. తొమ్మిది పలికాయి.

ఆ తొమ్మిదిలో ఒక లాడ్జి ఉంది. దాంట్లో దిగిన మనుషులు తువ్వాళ్లతోనే రోడ్డు మీదికి వచ్చేశారు. పెళ్లిళ్లు చేసే ఫంక్షన్ హాలు ఉంది. ఆ వారం పెళ్లికొడుకు తరఫువాళ్లు కట్నం సంగతి పక్కనబెట్టి, పెళ్లికూతురి ఇల్లు పలికేదా పలకనిదా అని అడిగారు. ఒక బట్టల సేటు దుకాణం ఉంది. సేటు పోశంతో గంటసేపు వాదించాడు. తన దుకాణానికి ఈశాన్యంలో బావి ఉంది, ఆగ్నేయంలో పొయ్యి ఉంది, సింహద్వారం తూర్పుకు ఉంది, ఇన్ని ఉండగా ఇంక సిమెంటుతో పనేమిటి అన్నాడు. పోశం సుద్దముక్క తీసి ఇంటూ గుర్తు పెట్టాడు. మర్నాడు సేటు వాస్తు ప్రకారం ఆ గుర్తును నైరుతి గోడకు మార్పించాడు.

మూడు రోజుల్లో ఊరు అట్టుడికిపోయింది. అద్దెకున్నవాళ్లు అద్దె తగ్గించమన్నారు. అమ్మకానికి పెట్టిన ఇళ్లు అమ్ముడుపోలేదు. ఇంటి యజమానుల సంఘం చైర్మన్ దగ్గరికి ఊరేగింపుగా వెళ్లి, తాము ఇరవై ఏళ్లుగా ఆ కప్పుల కింద హాయిగా ఉన్నామనీ, పోశం వచ్చి తట్టాకే అవి పలకడం మొదలుపెట్టాయనీ మొరపెట్టుకుంది. ఇది ఆలోచించవలసిన మాటే. మీరూ ఆలోచించండి. డాక్టరు నాడి పట్టుకునేదాకా మీకు జ్వరం ఉన్నట్టు ఎవరు చెప్పారు?

చైర్మన్ ఒక నిపుణుల ఉపసంఘం వేశాడు. గుత్తేదారు లక్ష్మణ్‌రావు దానికి అధ్యక్షుడు. ఎందుకంటే ఊళ్లో కప్పుల గురించి ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాడు ఎవరూ లేరు, సగం ఆయన పోసినవే. ఉపసంఘం పది రోజులు శ్రమించి నివేదిక ఇచ్చింది. 'పైకప్పులు వాటంతట అవి పలకవు. కర్ర తగిలినప్పుడే పలుకుచున్నవి. కావున లోపము కర్రయందు ఉన్నట్లు నిర్ధారించడమైనది. సదరు కర్ర ఏ ప్రమాణమునకు లోబడి తయారైనదో రికార్డు లేదు. ముందుగా కర్రకు ప్రమాణములు నిర్ణయించనిదే భవన ప్రమాణములు నిర్ణయించుట అశాస్త్రీయము.'

ఆ నివేదికలోనే ఇంకొక పరిశీలన ఉంది. పట్టణంలో పలుకుబడి గల యజమానుల కప్పులు ఎంత గట్టిగా తట్టినా ఫిర్యాదు రాలేదనీ, పలుకుబడి లేనివారి కప్పులే ఎక్కువ పలుకుతున్నాయనీ, అంటే పలుకుబడి ఇంట్లో ఉంటే పలుకు కప్పులోకి పోదనీ అందులో రాశారు. నాగయ్య ఈ వాక్యాన్ని టైపు చేస్తూ రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగాడు.

అలా ఎర్రవాగుపేటలో మొట్టమొదటి ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. కర్ర నాలుగడుగులకు మించరాదు. ఇనుప పొన్ను నిషేధం. చివర మూడు పొరల మెత్తటి గుడ్డ చుట్టి, దానిపైన సైకిల్ ట్యూబు తొడగాలి. తట్టేవాడు కప్పుకు చెయ్యి ఆనించరాదు, ఎందుకంటే అది యజమాని గోప్యతకు భంగం. ఈ ప్రమాణాల ప్రకారం ఆరు కర్రలు చేయించి, ఆరుగురు కొత్త పరీక్షకులను పెట్టారు. వాళ్లు వారం రోజుల్లో ఊరంతా తట్టేశారు. ఒక్క కప్పు పలకలేదు.

మునిసిపాలిటీ పట్టరాని సంతోషంతో ప్రతి ఇంటికీ 'కప్పు మౌన ధ్రువీకరణ పత్రం' జారీ చేసింది. నల్లా కనెక్షను కావాలన్నా, కిరాణా లైసెన్సు కావాలన్నా అదే అడిగారు. జనం ఆ పత్రానికి అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు. కొందరి ఇళ్లలో మేకు కొడితే గోడ పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. వాళ్లు అద్దం పీకేసి, పత్రాన్ని అన్నం మెతుకులతో అతికించుకున్నారు. పత్రం అతికించిన చోట గోడ కాస్త గట్టిపడిందని కూడా చెప్పుకున్నారు.

పోశానికి కూడా గుడ్డ చుట్టిన కర్ర ఒకటి ఇచ్చారు. అతను దాన్ని పట్టుకుని చూసి, "గిది చిన్నపిల్లలకు పాలు పట్టే సీసా లెక్కుంది" అని తిరిగి ఇచ్చేశాడు. తరువాత ధ్రువీకరణ పత్రాలన్నిటిమీదా 'పోశం తరఫున' అని ఆరుగురు సంతకాలు పెట్టారు.

చివరికి వరుస క్రమంలో పోశం ఇంటి వంతు వచ్చింది. ఆరుగురిలో ఒకడు వచ్చి, అడ్డంగా ఉన్న కర్రలు తప్పించుకుని లోపలికి దూరి, గుడ్డ కర్రతో మూడుసార్లు ఒత్తి, "మౌనం" అని రాసుకుని, పరుగులాంటి నడకతో బయటికొచ్చి పత్రం చేతిలో పెట్టాడు.

"పాసైందట గదయ్యా. ఇగ లోపల పండుకుందాం" అన్నది లస్మవ్వ.

"కట్టెకు గుడ్డ చుట్టిండ్రు గానీ కప్పుకేం జేసిండ్రు?"

"మరి నీ చెవులకు గూడ ఇంత చుట్టుకో. ఊరంత అట్లనే సుఖంగున్నది."

మర్నాడు మధ్యాహ్నం లస్మవ్వ అతని మాట వినకుండా తన దేవుడి పటాలు తెచ్చి ముందు గదిలో గోడకు ఆనించి పెట్టింది. బయటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుందో లేదో, లోపల డబ్బుమంది. కప్పులోంచి చాటంత పెళ్ల ఊడి పటాల ముందు నేల మీద పడి ఉంది. లోపలి సలాకలు తుప్పుపట్టి, సేమ్యాల్లా సన్నగా కనబడుతున్నాయి. ఏ దేవుడికీ దెబ్బ తగల్లేదు. లస్మవ్వ పటాలను డేరాలోకి తెచ్చుకుంది. తరువాత అడ్డు కర్రలు కాస్త జారి ఉంటే తానే బిగించి కట్టింది. ఆ రోజు నుంచి కప్పు గురించి పోశంతో పోట్లాడలేదు. మిరుగం మాత్రం ఎప్పుడని అడుగుతుండేది.

పోశం ఆ పెళ్లను సంచిలో వేసుకుని మునిసిపల్ ఆఫీసుకు పోయాడు. ఉపసంఘం దాన్ని బల్ల మీద పెట్టి పరీక్షించింది. 'పలుకుట వేరు, పడుట వేరు. ఈ ఉపసంఘం పరిధి పలుకుట వరకే. పడుట విషయమై వేరొక శాఖ ఏర్పడవలసియున్నది' అని రాసిచ్చింది. పెళ్లను రికార్డు కోసం ఉంచుకోబోతే పోశం ఒప్పుకోలేదు. అది తన ఇల్లు.

ఇంతలో షీల్డు ఇవ్వడానికి రాజధాని నుంచి పెద్ద అధికారి వస్తున్నట్టు కబురొచ్చింది. ఊరిని ఒకసారి చూసి రమ్మని చైర్మన్ నాగయ్యను పంపాడు. అన్ని ఇళ్లూ మౌనంగా, పత్రాలతో కళకళలాడుతున్నాయి. ఒక్క రిటైర్డు కార్మికుల కాలనీలో, ధ్రువీకరించబడిన ఇంటి ముందు ఒక డేరా, అందులో ఇద్దరు మనుషులు. ఊరికి దిష్టిచుక్కలా ఉంది. అధికారి కంట పడితే, అంత మంచి ఇల్లుండగా వీళ్లు బయటెందుకు ఉన్నారని అడగవచ్చు.

ఇక్కడ చరిత్రలో రాసుకోవలసిన సంగతి ఒకటి జరిగింది. నిబంధనల పుస్తకం కావలసివచ్చింది. ఇద్దరు మనుషులు దూలానికి దుంగ ఆసరా పెట్టి పట్టుకోగా, గడ్డపారతో బీరువా తలుపు తెరిచి పుస్తకం బయటికి తీశారు. నాలుగు వందల పేజీలు మొదటిసారి విప్పారు. ఆ డేరాకు పునాది లేదు. మంజూరైన ప్లాను లేదు. రోడ్డు నుంచి వదలాల్సిన జాగా వదల్లేదు. కిటికీలు లేవు. గాలి వచ్చే దారి నాలుగు దిక్కులా ఉంది గానీ అది నిర్ణీత కొలతల్లో లేదు. మొత్తం పద్నాలుగు ఉల్లంఘనలు. 'మీ ధ్రువీకృత గృహము ముందు మీరు అక్రమముగా నిర్మించిన గుడ్డ కట్టడమును ఏడు రోజులలోగా తొలగించవలెను. లేనియెడల తొలగించబడును.' ఎర్రవాగుపేటలో భవన నిబంధనలు అక్షరం పొల్లుపోకుండా అమలైన మొట్టమొదటి కట్టడంగా ఆ డేరాను చెప్పుకోవాలి.

నాగయ్య నోటీసు చేతికివ్వలేక డేరా బొంగుకు కట్టిపోయాడు. లస్మవ్వ చదివించుకుని విన్నది.

"లోపలికి పోతే కప్పు పడ్తది. బయటుంటే కమిటీ పడ్తది. మరి మనం ఏడికి పోవాలెనయ్యా? మళ్ల బాయిలకు దిగుదమా?"

ఆకాశంలో మబ్బు ఒకటీ అరా మొదలైంది. కొమురవ్వ నల్లా దగ్గర, పోశం లస్మవ్వను తీసుకుని బాయిలోకి కాపురం పెట్టబోతున్నాడని చెప్పింది.

షీల్డు ఇచ్చే ముందురోజు చైర్మన్ మధుసూదన్‌రావు స్వయంగా డేరాకు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చిక్కు ఏమిటంటే, పెద్ద అధికారి కాగితాలు ముందే తెప్పించుకుని చదివాడట. తీర్మానంలో ప్రతి భవనానికీ పోశం సంతకం అని ఉంది. పోనీ ఊరి ఇళ్ల సంగతి 'తరఫున'తో సరిపెడతానన్నాడు గానీ, తాను ప్రారంభించే ప్రమాణ భవన్‌కు మాత్రం అసలు పోశం, అసలు సంతకం కావాలన్నాడు.

"ఒక్క సంతకం పోశన్నా. నోటీసు వాపస్ తీస్కుంట. మీ కప్పు మిరుగం లోపల మళ్ల కొత్తగ పోయిస్త. మా బామ్మర్దికి చెప్పిన."

"మళ్ల ఆయనకేనా?" అన్నది లస్మవ్వ పొయ్యి దగ్గర నుంచి.

చైర్మన్ వినిపించుకోలేదు. పోశం తన కుడిచెయ్యి చూసుకున్నాడు. ముప్పై రెండేళ్లు రోజూ సంతకాలు పెట్టిన చెయ్యి. ఇంకొక్కటి పెడితే లస్మవ్వ నెత్తి మీదికి కప్పు వస్తుంది. అబద్ధం సంతకం ఒక్కటే. ఊళ్లో వెయ్యి ఉన్నాయి, అవేమైనా కూలాయా? ఆ రోజంతా అతను పొన్ను కర్రను ముట్టుకోలేదు. సాయంత్రానికి లస్మవ్వ అతని తెల్ల అంగీ ఉతికి ఆరేసింది. పెట్టుమని గానీ పెట్టొద్దని గానీ అనలేదు. "రేపు నేను గూడ వస్త" అని మాత్రం అన్నది.

ప్రమాణ భవన్ చూడముచ్చటగా తయారైంది. లక్ష్మణ్‌రావు ముందు భాగానికి గులాబీ రంగు, స్తంభాలకు ఆకుపచ్చ వేయించాడు. లోపల హాలులో రెండు వందల కుర్చీలు పడతాయి. సభకు వచ్చినవాళ్లు ఎనభై మంది. జనం పోటెత్తుతారనే ముందుచూపుతో సభను హాలులో కాకుండా ఎదురుగా షామియానా కింద ఏర్పాటు చేశారు. పెద్ద అధికారి గుమ్మం దగ్గర రిబ్బను కత్తిరించి, మెడ చాచి లోపలికి చూసి, "అద్భుతం" అని వెనక్కి వచ్చేశాడు. చైర్మన్ ఆయనకన్నా ముందే వచ్చేశాడు. లక్ష్మణ్‌రావు తన కారును భవనం నీడలో కాకుండా ఎండలో, రోడ్డు అవతల పెట్టించి, వచ్చి చివరి వరుసలో రోడ్డు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

చైర్మన్ మైకు పట్టుకున్నాడు. "ఒకప్పుడు మన పట్టణంలో పన్నెండింట తొమ్మిది కప్పులు పలికేవని వదంతులుండేవి. నేడు ఒక్క కప్పు నోరు మెదపదు. ఇంతటి క్రమశిక్షణ ప్రపంచంలో ఏ దేశపు భవనాలకైనా ఉన్నదా అని అడుగుతున్నాను. కప్పు బాగుంటే కాపురం బాగుంటుంది. కాపురం బాగుంటే పట్టణం బాగుంటుంది. ఈ ఘనత మా పోశన్నది. మేము ఆయన కర్రను కాస్త మెత్తబరిచామంతే." జనం చప్పట్లు కొట్టారు. వాళ్లు గట్టిగా కొట్టినప్పుడు ప్రమాణ భవన్ అద్దాలు సన్నగా వణికాయి. చైర్మన్ చప్పట్లు చాలన్నట్టు చెయ్యి ఊపాడు.

పోశాన్ని వేదిక మీదికి పిలిచారు. పూలదండ వేశారు. ధ్రువీకరణ పత్రం, పెన్ను ముందు పెట్టారు. చైర్మన్ ఆన్‌లో ఉన్న మైకును అతని వైపు తిప్పి, నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు. పోశం ముందు వరుసలో కూర్చున్న లస్మవ్వను చూశాడు. ఆమె ఒళ్లో చేతిసంచి ఉంది. సంచిలో ఏముందో అతనికి తెలుసు. పొద్దున్నే డేరాలో నేల మీంచి ఆ కప్పు పెళ్లను తీసి సంచిలో వేసుకుని వచ్చింది.

"సంతకం పెడ్త సార్" అన్నాడు పోశం.

చైర్మన్ ఊపిరి పీల్చుకున్నాడు.

"కానీ బాయిల మాకొక రివాజున్నది. ఏ కప్పుకు సంతకం పెడ్తమో, గా కప్పు కిందనే నిలవడి పెట్టాలె. నిలవడి మనుషులను పిలవాలె. వాళ్లు వస్తెనే సంతకం చెల్లుతది. నేను లోపలికి పోత. మీరంత నా ఎంబడి రాండ్రి. చైర్మన్ సాబ్, మీరు. రావు సాబ్, గా ఆఖరికి కూసున్నరు, మీరు గూడ."

పోశం పత్రం, పెన్ను తీసుకుని వేదిక దిగి, ప్రమాణ భవన్ గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేవలేదు. లస్మవ్వ ఒక్కతే లేచి, సంచి చంకన పెట్టుకుని వచ్చి అతని పక్కన నిలబడింది. చివరి వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. రోడ్డు అవతల కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

పెద్ద అధికారి పరిస్థితిని తేలిక చేయడానికి చిన్నగా నవ్వి, మైకులోనే అన్నాడు: "సంతకానికి లోపలిదాకా ఎందుకయ్యా పోశం? ఇక్కడే పెట్టేయ్. ఈ టెంటు కింద చూడు, ఎంత హాయిగా గాలి వస్తోందో."

"మా డేరల గూడ గాలి గిట్లనే వస్తది సార్" అన్నాడు పోశం గుమ్మంలోంచి. "దానికి నోటీసిచ్చిండ్రు. మరి గీ టెంటుకు ఎవలిస్తరు?"